రొమ్ము ఆపరేషన్ తర్వాత మర్దన: నూనె సీసా కాసేపు పక్కన పెట్టండి

పోయిన సంచికలో భుజం నొప్పి గురించి రాస్తూ, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకి మర్దన పద్ధతి వేరు అని ఒక్క వాక్యం రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చినవి కొన్ని ఎంచుకున్నాను. పేర్లు వేయట్లేదు, పేట మాత్రం ఉంచాను. ఒక మాట ముందే చెప్పేస్తాను, నేను ఫిజియోథెరపిస్టుని, సర్జన్ని కాదు. మీ డిశ్చార్జి కాగితంలో రాసినదానికీ నేను చెప్పినదానికీ తేడా వస్తే కాగితం మాటే వినండి. మీ కుట్లు వాళ్ళు చూశారు, నేను చూడలేదు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి 58 ఏళ్ళు. కుడి రొమ్ము తీసేసి రెండు నెలలైంది, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమో నడుస్తోంది, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. వారం నుంచి కుడి చెయ్యి బరువుగా ఉందంటోంది, గాజులు బిగిసిపోయాయి. మా మేనత్త నువ్వులనూనె కాచి గట్టిగా పట్టి, ఉప్పు మూటతో కాపడం పెడితే నీరు దిగిపోతుందంటోంది. ఊళ్ళో బెణుకులు పట్టడంలో ఆవిడకి మంచి పేరు. కాదంటే నొచ్చుకుంటుంది. పట్టించమంటారా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దమ్మా. మీ మేనత్తగారి హస్తవాసి మీద నాకేం అనుమానం లేదు, కాలు బెణికితే నేనూ వెళ్ళి పట్టించుకుంటానేమో. కానీ ఇది బెణుకు కాదు. మన చేతిలో రక్తనాళాలతో పాటు లింఫ్ అనే పల్చటి ద్రవం తిరిగే సన్నటి గొట్టాలుంటాయి, చేతి నుంచి వచ్చేదంతా చంకలో గ్రంథుల గుండా వెళ్ళి మెడ దగ్గర మళ్ళీ రక్తంలో కలుస్తుంది. ఆ గ్రంథులు తీసేశాక దారి తగ్గింది, వచ్చే ద్రవం మాత్రం తగ్గలేదు. చర్మం కిందే ఉండే ఆ గొట్టాలు చాలా సున్నితం, గట్టిగా పిసికితే దెబ్బతింటాయి. పైగా గట్టిగా రుద్దినా వేడి పెట్టినా అటు రక్తం ఎక్కువ వస్తుంది, అంటే ఊరే నీరు కూడా ఎక్కువే. వాపు తగ్గించాలని చేసే పనే వాపు పెంచుతుందన్నమాట.

ఇంకొకటుంది, ఇది ఇళ్ళల్లో ఎవరూ ఆలోచించరు. చంకలో ఆపరేషన్ చేసినప్పుడు జబ్బ లోపలి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం చాలామందికి తెగుతుంది, లేదా సాగుతుంది. అక్కడ మొద్దుబారిపోతుంది. మీ అమ్మగారిని అడిగి చూడండి, ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి పైగా అలాగే చెబుతారు. ఆ చోట ఉప్పు మూట పెడితే చర్మం కాలినా ఆవిడకి తెలియదు, బొబ్బ లేచాక మీరు చూస్తారు. కీమోలో ఉన్నప్పుడు ఆ బొబ్బ త్వరగా మానదు, చీము పట్టే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రేపు పొద్దున్నే మీ డాక్టర్ గారికి చెయ్యి చూపించండి. అది నిజంగా లింఫ్ వాపేనా, లేక రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందా, ఇన్ఫెక్షనా అన్నది ముందు తేలాలి. కీమో కోసం పైపు గానీ పోర్టు గానీ పెట్టి ఉంటే ఇది మరీ ముఖ్యం. చెయ్యి ఎర్రగా, వేడిగా ఉండి చలిజ్వరం వస్తే రేపటిదాకా కూడా ఆగొద్దు, అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. లింఫ్ వాపే అని తేలితే దాన్ని లింఫెడీమా అంటారు. చంక గ్రంథులు ఎక్కువగా తీసినవాళ్ళలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి వస్తుంది. ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి పరీక్షకి పంపినవాళ్ళలో 100 మందిలో అయిదారుగురికే. మీ అమ్మగారు మొదటి లెక్కలోకి వస్తారు కాబట్టి గాజులు బిగిసిన రోజే మీరు గమనించడం మంచిదైంది. మొదట్లో పట్టుకుంటే అదుపులో పెట్టడం తేలిక, నెలలు గడిచి చర్మం గట్టిపడ్డాక చాలా కష్టం.

మందుల షాపులో నీరు దిగే బిళ్ళలు అడిగి వేయకండి, ఈ వాపుకి అవి పనిచేయవు. ఇంకొంతమంది దీన్ని బోదకాలుతో కలిపేసి ఆ మాత్రలు వేస్తారు. అక్కడా మూసుకుపోయేది లింఫ్ దారే, కానీ దానికి కారణం దోమ కుడితే వచ్చే పురుగు. ఇక్కడ పురుగు లేదు, మాత్రకి పనీ లేదు.

మీ మేనత్తగారి సంగతి. వద్దని పంపేయకండి, పని అప్పగించండి. ఎడమ చెయ్యి, అరికాళ్ళు, తల మెల్లగా పట్టమనండి. కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు, గట్టిగా నొక్కితే కమిలిపోతుందని చెప్పండి. కాలి పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉంటే మాత్రం అసలు ముట్టుకోవద్దు, ముందు డాక్టర్ చూడాలి.

ప్రశ్న: నా భార్యకి చెయ్యి వాపు ఉంది, పరీక్షలు చేసి లింఫెడీమా అన్నారు. ఫిజియో సెంటర్లో లింఫ్ డ్రైనేజ్ అని చేస్తున్నారు. భవానీపురం నుంచి సూర్యారావుపేటకి రోజూ ఆటోలో తీసుకెళ్ళడం నాకు కుదరట్లేదు, ఖర్చు కూడా. నేనే నేర్చుకుని ఇంట్లో చేయవచ్చా? అక్కడ వాళ్ళు చేసేది చూస్తే అసలు ఏమీ చేయనట్టే ఉంది, ఊరికే నిమురుతున్నారు. దానికి డబ్బులా అనిపించింది, క్షమించాలి. (భవానీపురం, విజయవాడ)

జవాబు: క్షమించడానికేముందండీ, మొదటిసారి చూసిన ప్రతి ఒక్కరూ అదే అంటారు. ఆ నిమిరినట్టు ఉండటమే వైద్యం. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లలో ఫ్రాన్స్‌లో ఉంటూ ఈ పద్ధతి తయారు చేశారు, 1936లో పారిస్‌లో జనానికి చూపించారు. కండని నొక్కరు, చర్మాన్ని మాత్రం పట్టుకుని మెల్లగా ఒక వైపుకి సాగదీసి వదులుతారు. నూనె రాయరు, రాస్తే చెయ్యి జారిపోయి చర్మం సాగదు.

మీరు తప్పకుండా నేర్చుకోవచ్చు. అయితే ఈ కాలమ్ చదివి మొదలుపెట్టకండి. మీ ఫిజియో ముందు మీరు చేసి చూపించండి, ఆవిడ మీ చేతి మీద చెయ్యి వేసి ఒత్తిడి సరిచేయాలి, మగవాళ్ళకి ముఖ్యంగా అలవాటు కావాల్సింది ఆ తేలికదనమే. గుర్తుంచుకోవడానికి వరస మాత్రం చెబుతాను. అందరూ వాచిన చేతి దగ్గర మొదలుపెడతారు, అది తప్పు. బందరు కాలువలోకి నీళ్ళు వదిలేముందు దిగువన పూడిక తీసి దారి చేస్తారు కదా, అలాగే ముందు నీరు వెళ్ళాల్సిన చోట ఖాళీ చేయాలి. మొదట ఆవిడని పడుకోబెట్టి పొట్ట నిండా నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలమనండి, లోపలి పెద్ద గొట్టంలో లింఫ్ కదలడానికి అది సాయపడుతుంది. తర్వాత మెడ కింద అడ్డంగా ఉండే ఎముక పైన గుంటలో. ఆ తర్వాత బాగున్న వైపు చంక, ఆపరేషన్ అయిన వైపు గజ్జ. ఇవయ్యాక ఛాతీ మీద నుంచి బాగున్న చంక వైపుకి, పక్క నుంచి గజ్జ వైపుకి చర్మాన్ని మెల్లగా జరపాలి. ఇంత అయ్యాకే జబ్బ. జబ్బ అయ్యాకే ముంజేయి, చివరికి వేళ్ళు, ప్రతిసారీ పైకే. తొందర లేకుండా ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. చర్మం ఎర్రబడిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు.

మానేయాల్సిన సందర్భాలు: జ్వరం, చెయ్యి ఎర్రబడటం, రక్తం గడ్డ ఉందన్న అనుమానం. గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. థైరాయిడ్ మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకి, మెడ రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్ళకి మెడ దగ్గర చేయం.

ఇక మీకు నచ్చని మాట. డ్రైనేజ్ ఒక్కటే చేస్తే సాయంత్రానికి వాపు మళ్ళీ వస్తుంది. అసలు పని చేసేది పట్టీ కట్టడం, ఆ తర్వాత కంప్రెషన్ స్లీవ్ (చేతికి బిగుతుగా వేసుకునే తొడుగు), దానితో వ్యాయామం, చర్మం కాపాడుకోవడం. చాలా ఇళ్ళల్లో మసాజ్ ఇష్టంగా చేయించుకుంటారు, స్లీవ్ మాత్రం బీరువాలో ఉంటుంది. డబ్బు ఒకదానికే ఉంటే నేను స్లీవ్‌కే పెట్టమంటాను. అది కూడా కొలతలు తీసి, వాపు తగ్గించాక వేసేది, షాపులో చూసి సుమారుగా కొనేది కాదు.

వారానికొకసారి టేపుతో కొలవండి. మణికట్టు, మోచేతికి కింద 10 సెంటీమీటర్లు, పైన 10 సెంటీమీటర్లు, రెండు చేతులూ, ఒకే సమయంలో. కేలెండర్ మీద రాసుకోండి. రెండు చేతులకీ తేడా 2 సెంటీమీటర్లు దాటినా, ఉన్న తేడా పెరుగుతున్నా ఫోన్ చేయకుండా నేరుగా వెళ్ళండి.

ప్రశ్న: మసాజ్ చేస్తే కేన్సర్ ఒళ్ళంతా పాకుతుందా? (కొత్తపేట, గుంటూరు)

జవాబు: మృదువుగా చేసే మర్దన వల్ల కేన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదు. మనం నడిచినా, చెయ్యి ఊపినా లింఫ్ కదులుతూనే ఉంటుంది. గడ్డ ఇంకా లోపల ఉంటే నేరుగా దాని మీద, ఎముకలకి పాకి ఉంటే ఆ ఎముకల మీద నొక్కకూడదు, అంతే.

ప్రశ్న: అక్కా, మా అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ అయిపోయి ఏడాది. చేతికి కొంచెం వాపు ఉంటుంది, స్లీవ్ ఇచ్చారు. ఈ సీజన్ పనికి వెళ్తానంటోంది, వెళ్ళకపోతే ఇల్లు గడవడం కష్టమే. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, పని చేయకూడదు అని హాస్పిటల్లో అన్నారు. సాయంత్రం నేను చెయ్యి పట్టి పెడితే సరిపోతుందా? (గుంటూరు)

జవాబు: జన్మలో బరువు ఎత్తొద్దు అనే మాట పాతది తల్లీ. ఒకప్పుడు అందరం అదే చెప్పేవాళ్ళం. 2009లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, చెయ్యి వాపు ఉన్న ఆడవాళ్ళ చేత తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతూ వ్యాయామం చేయించారు. వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి వాపు ఎక్కువయ్యే ఇబ్బంది కూడా తగ్గింది. అందులో కీలకం మెల్లగా పెంచడం. ఏడాది కూర్చున్న మనిషి మొదటి రోజే మిర్చి టిక్కీ (బస్తా) లాగితే మాత్రం చెయ్యి వాయకుండా ఉండదు. ముందు ఇంట్లో రెండు మూడు వారాలు చిన్న బరువుతో అలవాటు చేయండి, తర్వాత మొదటి వారం సగం పూట పంపండి.

మీ అమ్మగారి పనిలో బరువు కన్నా నాకు భయం వేసేది చర్మం. మిర్చి కారానికి వేళ్ళు పగిలి, గోళ్ళ పక్కన చిట్లుతుంది. ఆ సందుల్లోంచే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది, లింఫ్ దారి లేని చెయ్యి దాన్ని ఎదుర్కోలేదు, ఒక్క రాత్రిలో చెయ్యి ఎర్రగా పొంగిపోతుంది. అందుకని ఆ చేతికి లోపల నూలు గ్లోవ్, పైన రబ్బరుది. చెమటకి చిరాకుపడతారు, తెలుసు. మధ్యాహ్నం ఒకసారి తీసి, తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ వేసుకోమనండి. మంట పుడితే ఉత్త నీళ్ళతో కడిగి లాభం లేదు, కారం నీళ్ళలో కరగదు, నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె, గోళ్ళు కొరకడం ఆపేయాలి. గంటకోసారి లేచి చెయ్యి పైకెత్తి పది పదిహేను సార్లు పిడికిలి బిగించి వదలాలి, స్లీవ్ ఉండగానే. సాయంత్రం మీరు పట్టేది పైన భవానీపురం ఆయనకి చెప్పిన పద్ధతిలో అయితేనే, ఊరికే పిసకడం అయితే వద్దు.

బీపీ చూడటం, సూది వేయడం వీలైనంత వరకు రెండో చేతికే అని కాలనీ ఆరోగ్య కేంద్రంలో ఆవిడే గట్టిగా చెప్పాలి. అత్యవసరమై ఆ చేతికే వేస్తే కొంప మునిగిపోదు, భయపెట్టకండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనే కేన్సర్ విభాగం, ఫిజియోథెరపీ రెండూ ఉన్నాయి, వాపు కొలిపించుకోవడానికి ప్రైవేటుకి వెళ్ళక్కర్లేదు.

ప్రశ్న: చెయ్యి పైకెత్తితే చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగలాంటిది బిగుసుకుంటోంది. ఆపరేషన్ అయి నెల. నరం లాగేసిందని, నరం పట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళమంటున్నారు. (పటమట, విజయవాడ)

జవాబు: అది నరం కాదు. గ్రంథులు తీశాక అక్కడి లింఫ్ గొట్టాలు, చుట్టూ ఉన్న కణజాలం గట్టిపడి తీగలా తేలుతాయి. ఆపరేషన్ అయిన మొదటి రెండు నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, చాలామందికి మూడు నెలల్లో అదే వదులుతుంది. భయపడి చెయ్యి కదపకుండా ఉంటేనే అసలు నష్టం, భుజం బిగుసుకుపోతుంది, కరెంటు పెట్టేటప్పుడు చెయ్యి తల మీదకి ఎత్తి పడుకోవాలి కదా, అప్పుడు కుదరదు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా పైకి పాకించండి, లాగుతోంది అనిపించిన చోట ఆగి పదంకెలు లెక్కపెట్టి దిగండి, రోజుకి మూడు నాలుగు సార్లు. ఫిజియో ఆ తీగ మీద చర్మాన్ని సాగదీస్తూ మెత్తబరుస్తారు. ఎవరైనా దాన్ని టప్పున తెంపేస్తానంటే చెయ్యి ఇవ్వకండి.

ప్రశ్న: నాకు 29. హైదరాబాద్‌లో రొమ్ముల్లో ఇంప్లాంట్లు పెట్టించుకుని నాలుగు నెలలు. జబ్బేమీ లేదు, నా ఇష్టంతోనే. మా డాక్టర్ రోజూ మసాజ్ చేసుకోమన్నారు, ఇదే చేయించుకున్న నా ఫ్రెండ్‌కి అసలు కదపొద్దన్నారట. ఎవరిది కరెక్ట్? ఎడమ వైపు ఈ మధ్య కాస్త గట్టిగా, పైకి జరిగినట్టు అనిపిస్తోంది. ఎక్కువ మసాజ్ చేయనా? ఇక్కడ ఎవరినీ అడగలేను. (మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: అడగడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీ శరీరం, మీ ఇష్టం. ఇద్దరు డాక్టర్లూ కరెక్టే అయి ఉండొచ్చు. పైన నున్నగా ఉండే ఇంప్లాంట్ అయితే కొందరు సర్జన్లు దాన్ని పక్కకీ పైకీ కదిపే మసాజ్ చెబుతారు. పైన గరుకుగా ఉండే రకం కండకి అతుక్కోవడానికే అలా తయారు చేస్తారు, దాన్ని కదపకూడదు. ఆపరేషన్ అయ్యాక మీకొక కార్డు ఇచ్చి ఉంటారు, అందులో కంపెనీ, రకం, సైజు, నంబరు ఉంటాయి. ఇవ్వకపోతే ఫోన్ చేసి తెప్పించుకోండి, పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.

ఎడమ వైపు సంగతి మసాజ్‌తో తేల్చుకునేది కాదు. ఏ ఇంప్లాంట్ చుట్టూ అయినా శరీరం ఒక పొర కడుతుంది, అది మామూలే. కొందరిలో ఆ పొర బిగుసుకుని ఇంప్లాంట్‌ని నొక్కుతుంది, గట్టిగా, గుండ్రంగా, పైకి వస్తుంది, ముదిరితే నొప్పి. డాక్టర్లు దీన్ని బేకర్ గ్రేడులని నాలుగు స్థాయిల్లో చెబుతారు. మీరు వెళ్ళి చూపిస్తే ఏ స్థాయో చెబుతారు, ఆలస్యం చేయకండి. ఒకప్పుడు సర్జన్లే ఆ పొరని చేతులతో పిండి పగలగొట్టేవాళ్ళు. లోపల ఇంప్లాంట్లు చిట్లిపోతున్నాయని ఆ పద్ధతి వదిలేశారు. సర్జన్లే మానేసిన పని స్పాలోనో ఇంట్లోనో చేయకండి. డాక్టర్ చూసి సరేనన్నదాకా ఆ వైపు మసాజ్ పూర్తిగా ఆపేయండి.

ఇంకో విషయం, ఎప్పుడైనా ఏళ్ళ తర్వాత ఒక వైపు ఉన్నట్టుండి నీరు చేరి ఉబ్బితే దానికీ మసాజ్ కాదు, వెంటనే డాక్టర్. గరుకు ఇంప్లాంట్లతో అరుదుగా ఒక రకం లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) వస్తుందని తేలి, 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అరుదు అన్న మాట మళ్ళీ చదవండి, నిద్ర పాడుచేసుకోకండి. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావని మాత్రం గుర్తుండాలి. సిలికాన్‌వైతే, ఏ ఇబ్బందీ లేకపోయినా 5, 6 ఏళ్ళకి ఒకసారి స్కాన్, తర్వాత రెండు మూడేళ్ళకోసారి అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది.

ప్రశ్న: కేన్సర్ ఆపరేషన్‌లోనే ఇంప్లాంట్ పెట్టారు. కరెంటు పెట్టాక అది గట్టిపడి నొప్పి మొదలైంది, చివరికి పోయిన ఏడాది తీయించేశాను. ఇప్పుడు అక్కడ చర్మం పక్కటెముకలకి అతుక్కుపోయినట్టుంది, ఊపిరి గట్టిగా తీస్తే లాగుతుంది. నిజం చెప్పాలంటే నేను ఇంతవరకు సరిగ్గా చూసుకోలేదు. స్నానం కూడా లైటు ఆపి చేస్తాను. (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: కరెంటు పెట్టిన చోట ఇంప్లాంట్ గట్టిపడే అవకాశం మామూలు కంటే ఎక్కువ, మీరేదో సరిగ్గా చూసుకోకపోవడం వల్ల జరిగింది కాదు. ఏడాదైనా ఈ అతుకు వదులవుతుంది, పూర్తిగా కాకపోయినా ఊపిరి తీస్తే లాగకుండా ఉండేంత. గాయం పూర్తిగా మూసుకుని, పొక్కులు, పుండు ఏమీ లేవని ముందు మీ డాక్టర్ ఒకసారి చూడాలి.

మొదటి వారం మసాజ్ ఏమీ వద్దు. పలచటి నూలు బట్ట మీదుగా అరచెయ్యి అక్కడ ఉంచండి, అంతే, టీవీ చూస్తూ అయినా సరే. అక్కడ ఒక చోట మొద్దుగా, ఒక చోట ముట్టుకుంటే జిల్లుమన్నట్టు, ఒక్కోసారి లేని రొమ్ము దురద పెట్టినట్టు కూడా ఉంటుంది, అవన్నీ నరాల పని, పిచ్చి కాదు. అది అలవాటయ్యాక రెండు వేళ్ళకి కాస్త కొబ్బరినూనె గానీ వాసన లేని క్రీము గానీ రాసుకుని, మచ్చ పక్కన చర్మం మీద వేళ్ళు ఆనించి, వేళ్ళు జారకుండా చర్మాన్నే ఎముక మీద అటూ ఇటూ జరపండి. పైకి, కిందకి, పక్కలకి, చిన్న సున్నాలు చుట్టినట్టు. ఏ వైపు కదలట్లేదో ఆ వైపు కాసేపు ఆపి పట్టుకోండి. చర్మం లేత తెల్లగా మారేంత ఒత్తిడి చాలు. అయిదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. పక్క నుంచి మొదలుపెట్టి చివరికి మచ్చ మీదకి రండి. కరెంటు తగిలిన చర్మం పలచబడి ఉంటుంది, చిట్లే గుణం ఎక్కువ, కాబట్టి లాగుడు తెలియాలి గానీ నొప్పి తెలియకూడదు. ఎర్రబడి మర్నాటికి కూడా తగ్గకపోయినా, కొత్తగా చిన్న గడ్డలాంటిది చేతికి తగిలినా ఆపేసి చూపించండి. నిజానికి రోజూ ముట్టుకునేవాళ్ళే అలాంటివి ముందు పసిగడతారు.

లైటు విషయంలో నేను బలవంతం చేయను. అయితే మొదటిసారి చూసుకునేటప్పుడు ఒంటరిగా కాకుండా అక్కో, స్నేహితురాలో, ఫిజియోనో పక్కనుంటే మేలు. బరువు సమంగా లేక మెడ, వీపు ఒక వైపు లాగుతుంటే లోపల జేబున్న బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ము అడగండి, ఎండాకాలానికి నూలుతో అల్లినవి తేలికగా ఉంటాయి.

ప్రశ్న: దిండు మీద పెట్టుకునే కరెంటు మసాజర్, ఆ తుపాకీలాంటి మసాజ్ గన్ వాడొచ్చా? మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: ఆపరేషన్ అయిన వైపు ఛాతీ, వీపు, చెయ్యి మీద వద్దు. ఇంప్లాంట్ ఉంటే దాని దరిదాపుల్లోకి కూడా వద్దు. అబ్బాయినే వాడుకోమనండి.

ప్రశ్న: మేడమ్, నేను బెంజి సర్కిల్ దగ్గర ఒక స్పాలో మసాజ్ చేస్తాను. ఈ మధ్య రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళు వస్తున్నారు, కొందరు బట్ట తీశాకే తెలుస్తుంది. మా మేనేజర్ కాదనకుండా చేసేయమంటాడు. నాకు టెన్షన్‌గా ఉంటుంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు? (విజయవాడ)

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు నీకు దణ్ణం పెట్టాలమ్మా. బట్ట తీయకముందే అడుగు, తలుపు వేసి, మేనేజర్ లేకుండా. ఏ ఆపరేషన్, ఎప్పుడు, చంకలో గ్రంథులు తీశారా, కరెంటు పెట్టారా, కీమో ఇంకా నడుస్తోందా, ఇంప్లాంట్ ఉందా, ఇప్పుడు ఏ మందులు. ఆఖరిది ఎందుకంటే రొమ్ము కేన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ లాంటి మాత్రతో కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం కొంచెం పెరుగుతుంది, ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే ఆ రోజు మసాజ్ లేదు, ఆవిడని హాస్పిటల్‌కి పంపాలి. అలాగే ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వాడేవాళ్ళకి కీళ్ళ నొప్పులు, కొన్ని కీమో మందుల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి, అక్కడ నువ్వు ఎంత నొక్కుతున్నావో వాళ్ళకే తెలియదు.

ఆపరేషన్ అయి ఆరు వారాలు కాకపోయినా, గాయంలో నీరు బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఒంటికి ఉన్నా, కుట్టు చెమ్మగా ఉన్నా స్పాలో చేయొద్దు. తర్వాత కూడా సర్జన్ సరేనన్నారా అని అడుగు. బోర్లా పడుకోబెట్టకు, పక్కకి తిప్పి ముందో దిండు వెనకో దిండు పెట్టి, లేదా కుర్చీలో వాల్చి చేయి. కొందరికి వీపు కండ గానీ పొత్తికడుపు కొవ్వు గానీ తెచ్చి రొమ్ము కడతారు, అప్పుడు మచ్చలు రెండు చోట్ల ఉంటాయి, కట్టిన రొమ్ముకి స్పర్శ ఉండదు, వేడి రాళ్ళు, వేడి టవల్ పెడితే కాలిపోతుంది. చర్మం సాగడానికి లోపల ఎక్స్‌పాండర్ అనే సంచి ఉన్నవాళ్ళ ఛాతీ ముట్టుకోవద్దు. గ్రంథులు తీసిన వైపు చెయ్యి, ఆ వైపు ఛాతీ, వీపు పైభాగం మీద గట్టి ఒత్తిడి, కప్పింగ్, ఆవిరి ఏవీ వద్దు, ఇది వాపు లేనివాళ్ళకి కూడా. కరెంటు పెట్టడం నడుస్తున్నన్నాళ్ళు ఆ చోట నూనె చుక్క పడకూడదు.

ఇన్ని వద్దులు చదివి పంపేద్దామనుకోకు. మెడ, తల, రెండో చెయ్యి, నడుము, పాదాలు ఉన్నాయి. నెలల తరబడి సూదులతో, స్కానింగ్ బల్లలతో తప్ప ఎవరి చేతి స్పర్శా ఎరగని మనిషి, తేలికగా పాదాలు పట్టినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, అప్పుడు మాట్లాడించకు, టవల్ సరిచేసి పని చేసుకుపో. వాపున్న చెయ్యి తగ్గిస్తామని మాత్రం మీ బోర్డు మీద రాయనీయకు. ఆ శిక్షణ వేరు, బయటి దేశాల్లో దానికి 135 గంటల కోర్సు ఒక ప్రమాణం. మేనేజర్ ఒప్పుకోకపోతే ఒకటే మాట చెప్పు, చెయ్యి వాస్తే పేరు పోయేది స్పాదే అని. డబ్బు భాష అయితే వింటారు.

ప్రశ్న: మే నెల ఎండల్లో స్లీవ్ వేసుకోలేకపోతున్నాను, చెమటకాయలు లేస్తున్నాయి. ఎండాకాలం మానేసి మళ్ళీ వానాకాలం వేసుకోనా? (పట్టాభిపురం, గుంటూరు)

జవాబు: వాపు ఎక్కువయ్యేది ఆ వేడిలోనే, సరిగ్గా అప్పుడే మానేస్తే ఎలా? పొద్దున్న చల్లటి నీళ్ళతో స్నానం చేసి, చెయ్యి పూర్తిగా ఆరాక వేసుకోండి. చెమటకాయలున్న రోజు వంటగదిలో ఉండే కాసేపు తీసేయండి, ఫ్యాన్ కిందకి రాగానే మళ్ళీ వేయండి. రాత్రి మామూలుగా అక్కర్లేదు. రెండు కొనుక్కుంటే రోజూ ఒకటి ఉతుక్కోవచ్చు, నీడన ఆరేయండి, మన గుంటూరు ఎండలో వేస్తే నెలకే సాగిపోతుంది.